ఆటల డబ్బాలో సినిమా

నాందేడ్‌లో సీడీల దుకాణం నడిపే మార్కండేయ ఆ ఆదివారం మధ్యాహ్నం ఒక్కచోట కూర్చోలేకపోతున్నాడు. పుణెలో ఉద్యోగం చేస్తున్న కూతురు మయూరి తెచ్చిన వీడియోగేమ్ డబ్బాలోకి ఇంటర్నెట్ నుంచి ఓ సినిమా దిగుతోంది.

“ఇది ఆటలాడే మిషనే గదా బిడ్డా? సినిమాలు గూడ చూపిస్తదా?”

“చూపిస్తది బాపు. నెట్‌ల నుంచి గదే దింపుకుంటది.”

“ఎంతసేపు పడ్తది?”

“ఈడ లైను మెల్లగుంది. రేపు పొద్దటిదాంక పడ్తది.”

“అరే, దుకాణంకెల్లి నేను పది నిమిషాలల్ల తెస్త గదా!”

ఆయన గట్టిగా నవ్వాడు. కూతురు నవ్వలేదు.

“పుణెల ఒక్క గంటలనే దిగుతది బాపు. మా గల్లీల సీడీల దుకాణాలు రెండూ బందైనయి.”

మార్కండేయ కిటికీ దాకా వెళ్లి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

“గిదంత నాకెందుకు చూపిస్తున్నవ్?”

“పక్క దుకాణం గూడ కిరాయికి తీసుకుంట, రేపే కరార్‌నామా మీద సంతకం అన్నవ్. ఫోన్ల వద్దంటె వినవని దీన్నే మోసుకచ్చిన.”

ఆయన లేచి ఆ డబ్బా దగ్గరికి వెళ్లాడు.

“రేపు రానని ఆ దుకాణం సేటుకు చెప్త,” అన్నాడు చివరికి. “అది గిట్ల తే.”

మయూరి రిమోట్ అందించింది. ఆయన వేళ్లు దానిమీద ఏ బటన్ దగ్గరా నిలవలేదు.

“ముందుగాల ఏది ఒత్తాలె బిడ్డా?”