కొండప్ప తోటలో కాలువ

జమ్మలమడుగు పక్కన కొత్త కాలువకు సర్వే జరుగుతున్న ఎండాకాలం. కాలువ దారికి గుర్తుగా కొట్టిన గూటాన్ని పీకి ఒళ్లో పెట్టుకుని ఒక రైతుమ్మ తన చేలో కూర్చుంది. సర్వేయరు ఎదురుగా నిలబడ్డాడు.

“గవర్మెంటు గూటం పీకితే కేసవుతాదమ్మా.”

“కానీప్పా. మొన్న ఇది పల్లంలో ఆ పెద్దరైతు కొండప్ప తోటలో ఉండె. ఈడికి ఎట్లొచ్చె?”

“ఆయన పైవాళ్లతో మాట్లాడుకున్నాడు. కాలువ దారి మార్చమన్నారు.”

“మారిస్తే మార్చుకో గానీ, ఒగటి చెప్పు. నా చేను మిట్ట. ఈడ కాలువ తవ్వితే కింది ఊర్లకు నీళ్లు పోతాయా?”

“పోవు.”

“మరి ఎవురి కోసం తవ్వుతాండారు?”

“నాకు తెలీదా అమ్మా? కాదంటే నన్ను యాడికో బదిలీ చేస్తారు.”

“నువ్వు యాడికి పోయినా నీకు జీతమొస్తాది. ఆ కింది ఊర్లోల్లు నీళ్లకు యాడికి పోవాల? నేను లేయను. నా మీద నుంచే నీ కొలత గొలుసు లాక్కో.”

సర్వేయరు గొలుసు చుట్టేసి చెయ్యి చాపాడు.

“ఆ గూటం ఇట్లియ్యమ్మా.”

“ఇయ్యను.”

“అయితే నువ్వే తీసుకురా. కొండప్ప తోటలో మళ్లా కొడదాం. ఆయనొస్తే నా పక్కనుంటావా?”

“పక్కన కాదప్పా, ముందరుంటా.”