రెండో తొట్టి అలక

కోడలి పరిశోధనశాల. బల్ల మీద రెండు గాజు తొట్లు. ఒక్కోదాంట్లో అరచేతంత సముద్రపు నత్త, ఒంటి మీద గుల్ల లేనిది. పరీక్షకుడు వచ్చే వేళయింది.

"రెండోదాన్ని మళ్లీ ముట్టుకున్నానత్తయ్యా. కదల్లేదు!"

"నిద్రపోతోందేమో."

"పట్టపగలు నిద్రేంటి?"

"పొద్దున్నే లేచింది పాపం."

"దీని వీపు మీదున్న ఈ చిన్న గొట్టానికి వేలు తగిలితే మొప్ప లోపలికి లాక్కోవాలి. మొదటి తొట్టిలోది లాక్కోదు, వారం రోజులుగా ముట్టుకుని ముట్టుకుని దానికి అలవాటు చేశాను. రెండోదాన్ని ఇవాళ్టిదాకా ఎవరూ ముట్టుకోలేదు. అది ఉలిక్కిపడాలి. ఆ తేడా చూపిస్తేనే నాకు డిగ్రీ!"

"రెండూ ఒద్దికగానే ఉన్నాయిగా. మంచిదేగా."

"మంచిదా! నేను మిషను తెచ్చుకోడానికి వెళ్తూ మీకేం చెప్పాను?"

"టిఫిన్ తినమన్నావు."

"ఇంకా?"

"ఫ్యాను కట్టెయ్యమన్నావు."

"అత్తయ్యా!"

"ఎవర్నీ ముట్టుకోనివ్వద్దన్నావు. అబ్బ, అలా అరవకు, అవి జడుసుకుంటాయి."

"జడుసుకుంటే బాగుణ్ణు! రెండోదాన్ని నిమిరారా?"

"వారం నుంచీ ఆ మొదటిదాన్నే ముద్దు చేస్తున్నావు. ఇది పక్కనే ఉండి చూస్తుంటే దీని మనసెంత చిన్నబోతుంది? నలుగురు పిల్లల్ని పెంచాను. ఒకరికి తల దువ్వి ఇంకొకర్ని వదిలెయ్యలేదు."

"దానికి కళ్లే సరిగా కనిపించవత్తయ్యా!"

"అదొకటా పాపం!"

"పొద్దున్నుంచీ నిమురుతూనే ఉన్నారా?"

"నిమిరింది ఎవరైతేనేం…"

"అంటే మీరు కాదా?"

"నేనే అనుకో."

"అనుకోవడమేంటి?"

"నేనేలే. ఇప్పుడు దాన్ని ఉలిక్కిపడేట్టు చెయ్యడానికి దారేం లేదా?"

"ఒకటుంది. తోక మీద చిన్న కరెంటు దెబ్బ."

"కరెంటా! నీకు చేతులెలా వస్తాయే?"

"చిమచిమలాడుతుందంతే. వేలు తగిలితే దాని నాడీకణంలో చిన్న కరెంటు పుడుతుంది. వెంటనే కణంలోని పొటాషియం సన్నటి దారుల్లోంచి బయటికి పరుగెడుతుంది, ఆ కరెంటు చల్లారుతుంది. తోకకి దెబ్బ తగిలితే ఆ దారులు కొన్ని మూసుకుంటాయి. పొటాషియం తొందరగా వెళ్లలేదు, కరెంటు ఎక్కువసేపు నిలబడుతుంది. అప్పుడు వేలు తగిలిందా, మొప్ప ఠక్కున ముడుచుకుంటుంది."

"మీ మామయ్యకీ ఇదే జబ్బు. ఒకసారి మెట్ల మీద జారారు. ఆ తరవాత నెల రోజులు పిల్లి తుమ్మినా కేకేసేవారు. పొటాషియం లోపలే ఉండిపోయిందన్నమాట."

"ఇంచుమించు అదే."

"అయితే పెట్టెయ్ మరి ఆ దెబ్బేదో. వచ్చేవాడికేం తెలుస్తుంది?"

"ఇందాకేగా చేతులెలా వస్తాయన్నారు!"

"నీ డిగ్రీ పోతుందంటే నత్తకి నేను సర్దిచెప్పుకుంటాను."

"ఈ తీగ పట్టుకోండి… వద్దు. వద్దత్తయ్యా."

"మళ్లీ ఏమొచ్చింది?"

"దెబ్బ తిన్నదాన్ని చూపించి, ఎవరూ ముట్టుకోనిదే అనాలి. ఇన్నేళ్లు చేతులు కాయలు కాచేలా చేసిన పని, చివర్లో అబద్ధం చెప్పలేను."

"మరి పరీక్ష మళ్లీ ఎప్పుడు?"

"ఆయన ఒప్పుకుంటే వచ్చే ఏడాది. ఒప్పుకోకపోతే లేనట్టే."

"అంతా నావల్లే అని చెప్పు. నన్నే తిట్టమను… అదిగో, తలుపు!"

"రండి సార్. ఈవిడ మా అత్తగారు."

"నమస్కారమండీ."

"నమస్కారం బాబూ. మిమ్మల్ని ఇప్పుడే చూడటం. ఇంతకుముందు ఎప్పుడూ చూళ్లేదు."

"అత్తయ్యా, మీరు కాసేపు… సార్, ముందే చెప్పేస్తాను. ఇవాళ తేడా చూపించలేను. రెండో తొట్టిలోదాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. పొద్దున తెలియక ఒకరు…"

"ఆగమ్మా."

"కాపలా సరిగ్గా పెట్టకపోవడం నా తప్పే సార్. ఇంకెవర్నీ…"

"ఆగమంటుంటే! పరీక్ష రేపు పెట్టుకుందాం, ఈలోగా దాని అలవాటు వదులుతుంది. మీ అత్తగార్ని ఏమీ అనకు, ఎవరికీ చెప్పనని నాకు ఒట్టేశారావిడ. పొద్దున నువ్వు లేనప్పుడు నేను తొంగిచూస్తే, ఆ రెండో నత్త అలిగిందని చెప్పి నాచేత చేతులు కడిగించారు. గంటసేపు దాన్ని నిమిరింది నేనేనమ్మా."