జేబులో పట్టే పగ

మధ్యాహ్నం భోజనాల వేళ. షట్టరు సగం దించిన డి.టి.పి. సెంటరులో కంప్యూటరు ముందు ఆ సెంటరు నడిపే ఆవిడ కూర్చుని ఉంది. ఎదురుగా స్టూలు మీద ఆవిడ అక్క భర్త. అతని చేతిలో పుస్తకాలు చదువుకునే అరచేయంత ఈ-రీడరు.

"పాడైందంటారు, ఏం పాడైందో చెప్పరు. ఎలా బాగుచేయను బావా?"

"అదే తెలియట్లేదు. వెలుగుతుంది... కాదు, దీనికి వెలుగు లేదుగా. పేజీ తిరుగుతుంది. పుస్తకం మాత్రం పూర్తవదు."

"పూర్తవదంటే?"

"అయిపోయే ముందు ఆగిపోతుంది. మీ అక్క కాలికి కట్టుతో మంచాన పడి నలభై రోజులైందా, నువ్వు దీన్ని తెచ్చిచ్చిన రోజు ఎంత సంబరపడిందనుకున్నావు. ఒంటి చేత్తో పట్టుకోవచ్చు, గుండెల మీద పెట్టుకున్నా బరువుండదు, కిటికీలోంచి ఎండ పడినా అక్షరం చెదరదు, ఒకసారి ఛార్జింగు పెడితే మూడు వారాలు వస్తుంది అని వచ్చినవాళ్లందరికీ చూపించింది. పక్కింటావిడ 'ఇంత చిన్న తెరా, లైనుకి నాలుగు మాటలు పట్టవు, పేజీలు తిప్పలేక బొటనవేలు అరిగిపోతుంది' అంటే ఆవిడతో మాటామాటా అనుకుంది కూడా."

"ఆవిడన్నదీ నిజమే. పేజీ మారినప్పుడల్లా తెర నల్లబడి మళ్లీ వస్తుంది. వెనక్కెళ్లి ఏదైనా వెతుక్కోవాలంటే ప్రాణం విసుగెత్తుతుంది."

"అవన్నీ సర్దుకుంది. హత్య ఎవరు చేశారో తెలియకపోవడమే సర్దుకోలేకపోతోంది. ఇరవై రెండు డిటెక్టివ్ నవలలు పెట్టావు. ఇరవై రెండూ అంతే. డిటెక్టివు అందర్నీ ఓ గదిలోకి పిలుస్తాడు, తలుపేస్తాడు, గొంతు సవరించుకుంటాడు. తర్వాతి పేజీ నొక్కితే మళ్లీ అట్ట బొమ్మ."

"అయ్యో."

"నవ్వుతున్నావేంటి?"

"నవ్వట్లేదు."

"నవ్వుతున్నావు."

"ఫైళ్లు సరిగ్గా ఎక్కి ఉండవు బావా. ఇలాంటివాటిలో మామూలే."

"ఒకటో రెండో అయితే అలాగే అనుకుందును. అన్నం ముందు కూర్చుని ఆలోచిస్తోంది. మొన్న ఉన్నట్టుండి 'ఆ తోటమాలే చంపి ఉంటాడంటారా' అంది. డాక్టరు పక్కనే ఉన్నాడు."

"కాగితం పుస్తకానికి లేని సుఖం ఒకటుంది దీనిలో."

"ఏంటది?"

"కాగితం చింపితే కుట్టు దగ్గర పీలిక మిగులుతుంది. చింపినట్టు తెలిసిపోతుంది. దీనిలో ఎంత తీసేసినా, మొదట్నుంచీ లేనట్టే ఉంటుంది."

"అయితే నువ్వే తీశావు."

"ఒక్కో దానికి పావుగంట పట్టింది. చివరి అధ్యాయం వెతికి, కోసేసి, పేజీల లెక్క సరిచేసి, మళ్లీ ఎక్కించాను. ఇన్నేళ్లుగా అందరి పుస్తకాలకీ పేజీలు కడుతున్నాను కదా, ఏ పనీ ఇంత శ్రద్ధగా చేయలేదు."

"మంచాన పడ్డ మనిషి మీదా నీ ప్రతాపం?"

"లేచి తిరుగుతుంటే ఎక్కడ చదువుతుంది? ఇరవై ఆరేళ్లు కాచుకున్నాను."

"తనేం చేసింది నిన్ను?"

"మీకు తెలియదా?"

"చెప్పు."

"మీ పెళ్లికి నెల ముందు నాకు ఓ పెద్ద ప్రెస్సు నుంచి ఉత్తరం వచ్చింది. ప్రూఫులు దిద్దే ఉద్యోగం, ఉండటానికి హాస్టలు. మొదటి కాగితం నిండా మెచ్చుకోలే. ఏ రోజు, ఎక్కడ చేరాలో రెండో కాగితంలో ఉందని రాశారు. కవరు విప్పి ఉంది, రెండోది లేదు. నేను ఉత్తరం రాసి అడిగేలోపు గడువు దాటింది, వేరే అమ్మాయిని పెట్టుకున్నారు."

"మీ అక్కే తీసిందని..."

"తనే ఒప్పుకుంది. నేను వెళ్లిపోతే జబ్బుతో ఉన్న అమ్మని చూసుకోడానికి తను ఆగాలి, పెళ్లి ఆగిపోతుంది. నువ్వే తీశావా అంటే నా మొహంలోకి చూసి 'అవును' అంది. ఇంకో ముక్క లేదు. అమ్మకి పదకొండేళ్లు సేవ చేశాను బావా. ఇష్టం లేకుండా చేశానని కాదు. కానీ నాకోసం ఒకళ్లు రాసింది పూర్తిగా చదువుకునే రాత కూడా లేకుండా చేసింది. చివర్లో ఏముందో తెలియకపోతే ఎలా ఉంటుందో తనకీ తెలియాలి."

"తెలిసింది. ఇంక చాలదా? ఆ అధ్యాయాలు నీ దగ్గరున్నాయా?"

"ఇదిగో, ఈ కంప్యూటరులోనే ఉన్నాయి. తననే అడగమనండి."

"అడగదు. మూడో పుస్తకానికే తనకి అర్థమైంది నీ పనేనని. నీతో అనొద్దంది, నీ కసి తీరనిమ్మంది. నేనిక్కడికి వచ్చినట్టు కూడా తెలియదు."

"తెలిసీ మిగతావన్నీ చదివిందా?"

"చదివింది."

"చదవనీండి. తప్పు చేసినవాళ్లు ఆ మాత్రం పడాలి."

"తప్పు చేసింది తను కాదు."

"మరి?"

"ఆ రోజు నేను మీ ఇంటికి వస్తుంటే, పోస్టుమాను గేటు దగ్గర ఉత్తరం ఇచ్చింది నా చేతికి. విప్పి చదివాను, పెళ్లి వాయిదా పడుతుందని భయపడ్డాను. రెండో కాగితం తీసి జేబులో పెట్టుకుంటుంటే మీ అక్క చూసింది. కాళ్లావేళ్లా పడి ఒట్టేయించుకున్నాను, నా పేరు చెప్పకూడదని."

"ఇరవై ఆరేళ్లా?"

"ఇరవై ఆరేళ్లు. ఏదైనా అను. తిట్టు. అలా చూడకు."

"ఆ రీడరు ఇలా ఇవ్వండి. అక్కకి అన్నీ పూర్తిగా ఎక్కించి, సాయంత్రం నేనే తెచ్చిస్తాను. తన కాళ్లు పట్టుకోవాలి."

"చాలమ్మా. నాకంతే చాలు. వస్తాను మరి."

"ఎక్కడికి? కూర్చోండి బావా. గేటు దగ్గర్నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా చెప్పండి, టైపు చేస్తాను. మీ అమ్మాయిలిద్దరికీ వాళ్ల నాన్నంటే ప్రాణం కదా, చెరో కాపీ పంపిద్దాం."