రాతిలో ఎమిలీ

నవాబును దించడానికి మిలిటరీ వచ్చి మూడు నెలలైనా బోయిగూడ బస్తీ ఇంకా గొంతెత్తి మాట్లాడటం లేదు. పర్వతాలు నడిపే చాయ్ హోటల్లో జనం గ్లాసులోకి చూస్తూ తాగి లేచిపోతున్నారు. ఎవరింట్లో ఎవరు తిరిగి రాలేదో అడగాలంటే భయం. అట్లాంటిది ఆ సాయంత్రం జకర్యా బల్ల మీద చరిచి, "అరె, ఎర్కనా మీకు? నా బిడ్డ పేరు రాతికెక్కుతున్నది!" అనేసరికి బుక్‌బైండర్ తుకారాంకు ప్రాణం లేచొచ్చింది. శ్రావణంలో తొమ్మిదేళ్ల కూతురు ఎమిలీ గొంతువాపుతో పోయిన నాటి నుంచి జకర్యా కోతలు కోయడమే మానేశాడు. నోరు మూసుకున్న జకర్యాను రోజూ చూడటం తుకారాం వల్ల కావడం లేదు.

"సమాధి రాయికా?" రైల్వే గార్డు ఆర్థర్ మెల్లగా అడిగాడు.

"కాదు భాయ్, కోట్ల ఏండ్ల కిందటి రాయికి! ఇను."

జకర్యాది సర్కారువారి రాళ్ల దఫ్తర్‌లో పని. రాయిని పొరలా అరగదీసి అద్దం మీద పెడితే సాబులు మైక్రోస్కోపులో చూస్తారు.

"ఆదిలాబాద్ దిక్కుకెల్లి నల్లరాయి వచ్చింది. సాబ్ అన్నడు, జకర్యా, జెర పల్చగ రుద్దు అని. రుద్దిన. కింద అఖ్బారు పెడితే రాయిలకెల్లి అక్షరాలు కనవడ్డయి. ఇంకింత రుద్దిన. అఖ్బారు ఎన్క పేజీ సుత కనవడ్డది!"

"రేపటి పేపర్ కనవడలే?" అన్నాడు ఆర్థర్.

"నడుమ మాట్లాడకు. ఇంకింత రుద్దేసరికి ఎవడో తుమ్మిండు, రాయి ఎగిరిపోయింది! దోమతెర పట్టుకొని నేను, సాబ్, ఇద్దరు చప్రాసీలు దఫ్తరంత ఉరికినం. పట్టి అద్దం మీద పెట్టినం. ఆ తర్వాత ఏమైందో ఎర్కనా? సాబ్ కన్ను పెట్టిండు, ఇగ తీస్తలేడు. చాయ్ సల్లారింది, బువ్వ యాళ్ల దాటింది, తీస్తలేడు. లోపల దారాలు, దారాలకు పూసలు, కొసకు బుల్లి గొడుగు! 'గిది పాచి' అన్నడు. ఇంకో సాబ్ ఉరికొచ్చి, 'పాచెట్లయితది, బూజు' అన్నడు. ఒకని టై ఒకడు పట్టుకొని గుంజుకున్నరు. పాచి జాతి ఖానల పెడితే గొడుగు అడ్డమొచ్చె, బూజు ఖానల పెడితే పూసలు అడ్డమొచ్చె. దునియల ఎవ్వడూ చూడంది అది. కొత్తదానికి కొత్త పేరు పెట్టాలె గదా? సాబ్ నా భుజం మీద చెయ్యేసి, 'రుద్దినోనివి నువ్వు, పేరు నువ్వే చెప్పు' అన్నడు. ఎమిలీ అన్న. ఇన్ని దినాలు డాక్ సక్కగ లేకుండె. రేపు లండన్‌కు పోతది, పుస్తకంల అచ్చయితది. ఇగ జెండాలెన్ని మారనీ, ఆ పేరును ఎవ్వడూ తుడువలేడు."

పర్వతాలు పొయ్యి మీద పాల సంగతి మరిచిపోయి దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఆ చూపు చూసి జకర్యాకు ఇంకింత హుషారొచ్చింది.

"లడాయి షురూ అయింది. అద్దానికి ఖతరా అని జేబుల పెట్టుకొని బొల్లారం దిక్కు పోతున్న. ఎదురుంగ ట్యాంకులు, నలభై! చెయ్యి అడ్డం పెట్టిన. ఆగినయి. మేజర్ దిగి, ఏందది అన్నడు. చూపిచ్చిన. మైక్రోస్కోప్ ఏడిదంటవా? మెడల దుర్బీన్ లేదా, తిప్పి పెట్టుకొని చూసిండు! సిపాయిలను లైన్ల నిలవెట్టి ఒక్కొక్కనికి చూపిచ్చిండు. నాలుగు దినాల లడాయి అయిదు దినాలెందుకైందనుకున్నవ్? ఆ లైన్ కోసమే!"

హోటలంతా నవ్వింది. తమ్ముడి జాడ తెలియక మూలన కూచునే మనిషి కూడా నవ్వాడు. మూడు నెలల్లో అక్కడ నవ్వు వినబడటం అదే మొదలు.

"అబ్బో! అన్నీ కోతలే," ఆర్థర్ కళ్లు తుడుచుకున్నాడు. "అద్దం అతికెటందుకు సీమబంక కావాలంటివి గదా ఎన్నడో? లడాయికి ముందు సరిహద్దులు మూసిన నాకాబందీల బొంబాయికెల్లి గుండుసూది సుత రాలే. రైల్ల ఉన్నోన్ని, నాకెర్క. దేంతోని అతికిచ్చినవ్?"

"గదే నా హిక్మత్, నా తెలివి! రాయి మీద మూసే పై అద్దానికి తుకారాం ఇచ్చిన తుమ్మబంక పెట్టిన. అడుగు, సాక్షి ఈడనే ఉన్నడు!"

అందరూ తుకారాం వైపు తిరిగారు. అతను తల దించుకున్నాడు. ఆ వానాకాలం తన బంక డబ్బాకు బూజు పట్టింది. బంగారు అక్షరాలు అద్దేటప్పుడు వాడే భూతద్దంతో చూశాడు కూడా. ఆ బంకతో అట్టలేసిన ఎమిలీ బడి పుస్తకాలకూ అదే బూజు. ఊరుకుందామనుకున్నాడు. కానీ అద్దం లండన్ పోతే అక్కడ నవ్వుతారు, ఇక్కడ సాబ్‌కు తలకొట్టేసినట్టవుతుంది. కొత్త సర్కారు ఎవణ్ణి తీసేద్దామా అని చూస్తున్న రోజులు. ఉన్న ఒక్క కొలువూ ఊడిందంటే జకర్యా బతకడు.

"అన్నా," అన్నాడు తుకారాం, తలెత్తకుండానే. "నా బంకకు అప్పుడు బూజు పట్టింది. దారాలు, పూసలు, కొసకు గొడుగు. అది రాయిలది కాదన్నా. నా డబ్బాది."

ఎవరో కిసుక్కుమన్నారు, వెంటనే ఆగిపోయారు. తన నోరు పడిపోతే బాగుండనిపించింది తుకారాంకు.

జకర్యాకు కోపం రాలేదు. గ్లాసును బల్ల మీద అటూ ఇటూ జరిపాడు.

"ముప్పై ఏండ్లు రాళ్లు రుద్దినోన్ని, నాకెర్కలేదా? నిన్న మళ్ల చూసిన. గొడుగులు ఇంకో నాలుగు ఎక్కువైనయి. కోట్ల ఏండ్ల కింద సచ్చింది ఇప్పుడు పెరుగుతదా, తుకారాం? సీమబంక, పిల్ల గొంతుకు కావలసిన సూదిమందు, రెండూ బొంబాయిలనే ఆగిపాయె. రేపు పొద్దుగాల సాబ్‌కు నేనే చెప్త. ఇయ్యాల ఒక్క పొద్దు మీ నోట్ల నా బిడ్డ పేరు ఇందామనుకున్న. గంతే."

పాలు పొంగి పొయ్యిలో పడ్డాయి. పర్వతాలు కదల్లేదు.

తుకారాం తన స్టూలు జకర్యా దగ్గరికి జరుపుకున్నాడు. "అన్నా, మేజర్ చూసిండంటివి. దాని పేరేందని అడగలేదా?"

జకర్యా తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"అడిగిండు."

"ఏం చెప్పినవ్?"

"ఎమిలీ అన్న. నలభై ట్యాంకుల మీదున్నోళ్లు అందరు టోపీలు తీసిండ్రు."

ఆర్థర్ తన గార్డు టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.