పరమాన్నం తిన్న గేదె

గురవమ్మ పొద్దున్నే కాలవలో గంగాళాలు తోముకొని ఇంటికొచ్చేసరికి గేదె లేవలా అంట. ముందురోజు వాళ్ళింట్లో మేనల్లుడికి పంచెలు కట్టించారు, ఊరంతా తిని చెయ్యి కడుక్కుంది అనుకో. అంతా అయినాక పరమాన్నం మిగిలింది. ఎంత? ఇద్దరు మోసే గంగాళం నిండా. ఇప్పుడా గంగాళాన్నే కదా తోముకొచ్చింది, మిగిలిందంతా ఎవరికి పంచారో అనుకుంది ఆమె. గేదె చూస్తే ఎడమ డొక్క డప్పులాగా ఉబ్బిపోయి మూలుగుతా ఉంది. నోట్లోంచి పులిసిన కంపు. "ఏం పెట్టావయ్యా దీనికి?" అంది మొగుణ్ణి. మాలకొండయ్య అని ఆయన పేరు. ఆయన ఏమన్నాడంటే, మనింట్లో శుభకార్యం జరిగితే నోరులేని దానికి మాత్రం ఎండుగడ్డేనా, రాత్రి గంగాళం దాని ముందరే పెట్టా, అడుగు కనపడేదాకా నాకింది, చూడాల్సింది నువ్వు, అని మీసం దువ్వుకున్నాడంట. ఇంకా దువ్వుకుంటానే ఉన్నాడు.

గురవమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కదా మరి? పుట్టింటి నుంచి పెయ్యగా తోలుకొచ్చుకున్న గేదె, నెల తిరిగితే ఈనేది. వాళ్ళ నాయన పశువులకి మందు చేసేవాడు, ఆమెకి అన్నీ తెలుసు. "దానికి నీకున్నట్టు ఒకటే కడుపనుకున్నావా? నాలుగు అరలు! మొదటి అర ఆ నీళ్ళ గాబంత ఉంటది. గడ్డి అందులో నానుద్ది, మళ్ళీ నోట్లోకొస్తది, నమిలి నమిలి మింగుద్ది. కంటికి కనపడని జీవాలు కోటానుకోట్లు ఆ గాబులో కాపురముంటాయి, గడ్డిని విరిచి దానికి బలం చేసిపెట్టేది అవే. వాటి నెత్తిన గంగాళం తీపి కుమ్మరించావు! అంతా పులిసిపోయింది, ఆ పులుపుకి అవి చచ్చాయి. నెమరు ఆగిపోయింది, చూడు ఆ నోరు! ఇప్పుడెవరు అరిగిస్తారు, నీ మీసమా?" అంది. మాలకొండయ్య చెయ్యి మీసం మీద నుంచి దిగింది.

పులుపు విరగటానికి సున్నపుతేట తాగించింది. కానీ చచ్చిన జీవాలు తిరిగి రావాలి కదా. ఎట్టా వస్తాయి? మీ ఇంట్లో పెరుగు లేకపోతే ఏం చేస్తారమ్మా? పక్కింటికి పోయి తోడు అడుగుతారు. గేదె కడుపుకీ అంతే, ఇంకో గేదె నోట్లో నెమరు తెచ్చి పొయ్యాలి. ఊళ్ళో గేదెలన్నీ కొండకి మేతకి పోయినయ్యి. ఇంటికాడ ఉన్నది పక్కింటి ఆదెమ్మ గేదె ఒక్కటే. ఏమైందంటే, నెల కిందట అది మాలకొండయ్య గడ్డివామిలో రెండు పరకలు లాగిందని ఆయనే బందెలదొడ్డికి తోలించాడు, వామి చుట్టూ ముళ్ళకంప నాటాడు, "ఎముకల గూడు" అని తిట్టాడు కూడా. ఆదెమ్మని విందుకి పిలవనూ లేదు. గురవమ్మ చెంబు ఆయన చేతిలో పెట్టి, "నేను పోను. నువ్వే పో. ఉత్త చెంబుతో వచ్చావో, గేదెతో పాటు నిన్నూ పూడ్చిపెడతా" అంది.

పోయాడు. "ఆదెమ్మక్కా" అన్నాడంట. "నిన్నటిదాకా ఏమే అన్నోడివి, ఇయ్యాల అక్కనయ్యానా?" అందామె. విషయం విని నవ్వలా. గేదె పక్కన నిలబడి, "తీసుకో. నేను తియ్యను, నువ్వే చెయ్యి పెట్టు" అంది. ఆయన చొక్కా చెయ్యి మడిచి, ఆ ఎముకల గూడు నోట్లోకి మోచేతి దాకా పెట్టాడు. అది కొరికింది. కొరకదా? నువ్వు నవ్వమాకే పిల్లా, దాని దవడ పళ్ళ మధ్య నీ వేలు పెట్టి చూడు తెలుస్తది. మూడు మాట్లు పెట్టి, ఆకుపచ్చ ముద్ద చెంబుకి సగం లాగాడు. వెనక్కి తిరిగేసరికి ఆదెమ్మ అందంట: "నన్ను పిలవలేదుగానీ మాలకొండయ్యా, నా గేదె వచ్చింది నీ విందుకి. నువ్వు వడ్డిస్తన్నప్పుడు పలుపు తెంపుకొని, నీ ముళ్ళకంప తోసుకొని నీ వామి మేసొచ్చింది. ఆ చెంబులో ఉన్నది నీ గడ్డే, పో."

గురవమ్మ ఆ నెమరు గోరువెచ్చటి నీళ్ళల్లో కలిపి వెదురుగొట్టంతో తాగించింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. రోజూ చెంబు పట్టుకుపోయింది ఆయనే, రోజూ కొరికించుకుంది ఆయనే. నాలుగోనాడు గేదె ఒక్క త్రేనుపు త్రేన్చి, దవడ అటొకసారి ఇటొకసారి తిప్పింది. నెమరు మళ్ళీ మొదలైంది. గురవమ్మ లేచి పోయి, వామి చుట్టూ ఆయన నాటిన ముళ్ళకంప మొత్తం పీకి నీళ్ళపొయ్యిలో పెట్టింది. ఆయన కట్టు కట్టుకున్న చెయ్యి ఒళ్ళో పెట్టుకొని చూస్తా కూర్చున్నాడు, వద్దనలా.

ఆ గేదె ఈనింది, దూడా బతికింది, మొదటి జున్ను ఆదెమ్మింటికే పోయిందంట. గురవమ్మ కోపం తగ్గిందా అని అడక్కండి. గేదె తిన్నది నాలుగు రోజుల్లో అరిగింది. ఆమె మాత్రం ఇప్పటికీ పరమాన్నం వండినప్పుడల్లా ఆయన వంక చూసి నెమరేస్తానే ఉంది.