మొదటివాడి సంగతి

హలో… ఆ, నేనేనమ్మా, మీ అత్తని. ఎక్కించారా?

…అంతేనా? చారెడు సంచీ, అరగంటలో అయిపోయిందా? పిల్ల ఒంట్లోంచే తీసి, ఎక్కడో నెలలతరబడి బాగుచేసి తెచ్చిన రక్తకణాలు అంతేనా…

గదంతా వెల్లుల్లి వాసనా? కణాలు పాడవకుండా కలిపే మందుదై ఉంటుందిలే. …"నానమ్మ వంట చేసిందా" అందా? గడుగ్గాయి. జుట్టంతా రాలిపోయినా నోరు మాత్రం రాల్లేదు.

…ఏడవట్లేదమ్మా. జలుబు.

నిన్న డాక్టరమ్మ కాగితం మీద మన వంశమంతా గళ్ళూ గుండ్రాలూ గీసి, "మీ పిల్లలెవరైనా చిన్నప్పుడే పోయారా" అనడిగింది చూడు. లేదన్నాను… ఉన్నాడమ్మా. మీ ఆయనకంటే ముందు ఒకడు.

…మీ ఆయనకీ తెలీదు. తను పుట్టేనాటికే ఆ పిల్లాడు పోయాడు. మీ మామయ్యా నేనూ మళ్ళీ ఆ మాటెత్తలేదు.

…ఈ రక్తం జబ్బు పేరు అప్పుడెవరు చెప్పారు? కానీ అదే పాలిపోవడం, అదే ఉబ్బిన పొట్ట. నీ కూతురికి ఆరో నెలలో అలా కనపడగానే నాకు తెలిసిపోయింది. నింద నా మీదకొస్తుందేమోనని ముందు నేనే అరిచాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం కాదు, పక్కవాళ్ళ భుజాలు దులిపాను.

…అవును. ఆసుపత్రి వరండాలో, పదిమందిలో. "రోగమింటి పిల్లని అంటగట్టారు" అని మీ అమ్మని అన్నాను. తల్లివైపూ తండ్రివైపూ ఉంటేనే వస్తుందని చెప్పాక కూడా, "ఆ కుర్ర డాక్టరమ్మకేం తెలుసు" అన్నాను.

తిట్టమ్మా, తిట్టు. …ఊఁ. …ఊఁ. అబద్ధమేముంది, అంతా నిజమే.

పిల్లకి రక్తమెక్కించిన ప్రతిసారీ మీ అమ్మ ఆసుపత్రి గేటు బయటే నిలబడేది. చూసి తల తిప్పుకునేదాన్ని.

…మీ అమ్మకి నువ్వు చెప్తావా? వద్దమ్మా. అన్న నోరు నాది. పక్కనే ఉందిగా, ఫోనివ్వు. …తీసుకోనంటోందా? చెవి దగ్గర పెట్టు చాలు.

…వదినగారూ, నేనే. మీరేం మాట్లాడక్కర్లేదు. ఆ జబ్బు మా ఇంట్లోనూ ఉంది. నాకు తెలుసు. తెలిసే మిమ్మల్నన్నాను.

…

…మా మొదటివాడికి నాలుగేళ్ళు, వదినగారూ. …నా ఒళ్ళోనే పోయాడు.

…ఏమని పిలిచేవాళ్ళమా?

…బుజ్జోడనేవాళ్ళం. ఈ పేరు నోట్లోంచి వచ్చి నలభై ఏళ్ళయింది…

…లేదు, ఇంకేం లేదు. ఫోను మీరే పెట్టేయండి, వదినగారూ. నేను పెట్టలేను.