గోడ మీద బుల్లిరాజు

హలో… ఆ, నేనేనండి, సత్యవాణిని. స్కూలు దగ్గరే ఉన్నాను. గోడ ముందే…

లేదండి, ఇంకా కొట్టలేదు. నేనే ఆపాను. గంగయ్య సున్నం కలిపేసి నిచ్చెన కూడా వేసేశాడు…

కోప్పడకండి మణిదీప్ గారూ, ఒక్క నిమిషం వినండి. వ్యాను ఎక్కడిదాకా వచ్చింది?… యానాం దాటేసిందా! అయ్యో… అంటే ఇంకాసేపట్లో ఇక్కడుంటారు.

గంగయ్యా, ముందు నువ్వు నిచ్చెన దిగవయ్యా. ఆ కుంచె బకెట్లో పెట్టు… మీతో కాదండి, గంగయ్యతో.

తెలుసండి. ఈ బ్యాచ్ పిల్లలంతా బొమ్మలు వేయడానికే వస్తున్నారు. ఎక్కడో వాళ్ళ దేశం నుంచి, సేవ చేస్తామని మీ కంపెనీకి ఎదురు డబ్బు కట్టి మరీ వస్తున్నారు. గోడ ఖాళీగా ఉండాలి. అన్నీ తెలుసు. మొదటి బ్యాచ్ నుంచీ వాళ్ళని ఇంట్లో ఉంచుకుని అన్నం పెడుతున్నది నేనే కదండీ.

సీతాకోకచిలుకలు వేశారు… సున్నం కొట్టించమన్నారు, కొట్టించాను. భూగోళం వేశారు… కొట్టించాను. ఏబీసీడీలు రాసినవాళ్ళయితే క్యూ దగ్గరికి వచ్చేసరికి సెలవులు అయిపోయి వెళ్ళిపోయారు. అదీ కొట్టించాను. క్యూ తర్వాత ఏంటండీ అని స్కూలు పిల్లలు నన్ను అడిగేవారు…

నవ్వకండి. ఇది అలాంటిది కాదు. ఇది బుల్లిరాజు బొమ్మ.

ఎవరేంటండీ, మీకు ఫొటో కూడా పంపాను. మొన్న వేసవిలో ఎమ్మా వేసింది కదా… ఆ, ఆ పిల్లే. గుడి ముందు చెప్పులు విప్పమంటే సాక్సులు కూడా విప్పి, చేత్తో పట్టుకుని ప్రదక్షిణాలు చేసింది. బుల్లిరాజు రోజూ ఈ గోడ నీడలోనే కూర్చుని వల బాగుచేసుకునేవాడు. అతన్ని చూసి చూసి అచ్చం అలాగే దించేసింది. కాలి బొటనవేలికి వల తగిలించుకుని, పళ్ళ మధ్య దారం పట్టుకుని…

బాగుంది, నిజమే. కానీ ఆ మనిషి ఇప్పుడు లేడండి. ఎమ్మా వెళ్ళాక, వానల్లో, గోదారి సముద్రంలో కలిసే చోట బోటు తిరగబడింది. మిగతా వాళ్ళు ఈదుకుని ఒడ్డున పడ్డారు…

లేదండి. శవం దొరకలేదు.

మరి శవం లేకపోతే పెద్దకర్మ ఎక్కడ చేస్తారు, మీరే చెప్పండి. ఈ గోడ దగ్గరే చేశారు. పిండం ఇక్కడే పెట్టారు. ఇదిగో, బొమ్మ కాళ్ళ దగ్గర నూనె మరక… నేను దాని పక్కనే నిలబడి మాట్లాడుతున్నాను. వాళ్ళావిడ వీరవేణి రోజూ వచ్చి దీపం పెట్టుకుంటుంది. సంవత్సరీకం దాకా పెడతానంది.

పోనీ వెనక గోడ ఉంది కదా, అక్కడ వేయించండి… ఎందుకు కుదరదు?… ఫొటోలో సముద్రం పడదా? ఆహా.

పోనీ, పిల్లల బాత్రూముకి తలుపు లేదండి. ఆడపిల్లలు ఒకరికొకరు చున్నీ అడ్డం పట్టుకుంటున్నారు. ఆ పని చేయించకూడదా?… వాళ్ళకి వడ్రంగి పని రాదంటారు. నిజం చెప్పనా, ఎమ్మా తప్ప మిగతావాళ్ళకి బొమ్మలూ రావండి.

నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదు, తప్పయితే చెప్పండి. తిరుమలలో శ్రీవారి సేవకి వెళ్ళాను నేను. ఊడ్చిన చోటే రోజంతా ఊడ్చాం. అక్కడ జనం తొక్కుతారు కాబట్టి ఊడ్చాం. ఈ గోడని ఎవరు పాడు చేశారండీ? పాపం, వచ్చే పిల్లలకి ఏదో సేవ చేశామన్న తృప్తి కావాలి. మంచిదే. దానికోసం మనమే చెరిపేసి, మనమే పని పుట్టిస్తే… అది ఎవరికి చేసిన సేవ అవుతుంది?… లేదండి, దెబ్బలాట కాదు. నాకు తెలియకే అడుగుతున్నాను.

…అంటే? ఈసారి నుంచి మా ఊరికి పంపరా?… వేరే ఊరు చూసుకుంటారా…



మీ ఇష్టం. ఆ పిల్లలు వస్తే మాకూ ఆసరానే, కాదనను. ఇల్లూ సందడిగా ఉంటుంది. అయినా…

ఏంటీ, ఫ్రేమా?… ఈ బొమ్మని పెద్ద ఫొటో తీయించి, ఫ్రేము కట్టించి వీరవేణికి ఇస్తారా. ఆ మాట ఆమెకి నేను నచ్చజెప్పాలా? నాకు నోరు రాదండి.

అదిగో, తనే వస్తోంది. ఇవాళ మాసికం. అతనికి ఇష్టమైనవి వండి తెస్తున్నట్టుంది, చేతిలో విస్తరి ఉంది… నిచ్చెన చూసింది. ఆగిపోయింది…

మీరే చెప్పండి… కాదండి, మీరే చెప్పాలి. ఆమె ఒప్పుకుంటే నేను అడ్డు చెప్పను, ఒట్టు.

వీరవేణీ, రా అమ్మా. ఎవరూ ఏమీ చేయలేదు, చూడు, అలాగే ఉన్నాడు. ఆ విస్తరి ఇలా ఇవ్వు, నేను పట్టుకుంటాను. ఇదిగో ఫోను… కంపెనీ సారు నీతో ఏదో చెప్పాలట. చెవి దగ్గర పెట్టుకో…

…

ఏమన్నారు?… ఇంకా?… అంతేనా? ఏదీ, ఇలా ఇవ్వు.

హలో. ఏంటండీ, “అన్నం తిన్నావా అమ్మా” అని అడిగి ఊరుకున్నారట?

…ఊఁ.

…నోరు రాలేదా? తెలుసండి. పొద్దున్నుంచీ నాకూ అంతే.

సరే, వ్యాను వచ్చేస్తోంది, ఇలా చేద్దాం. మా ఇంటి ప్రహరీ ఉంది. రోడ్డు పొడుగునా ఉంటుంది. సముద్రం పడదు గానీ కొబ్బరిచెట్లు పడతాయి, సర్దుకోమనండి… అవును, మొన్ననే రంగు వేయించాం… మావారా? ఎన్నికలప్పుడు పార్టీల వాళ్ళని కూడా ఆ గోడ మీద చెయ్యి వేయనివ్వలేదు ఆయన. ఇప్పుడు కాకినాడ వెళ్ళారు లెండి. వచ్చాక నేను పడతాను ఆ తిట్లు.

గంగయ్యా, ఆ బకెట్టూ నిచ్చెనా మా ఇంటికి పట్టుకుపో. గేటు పక్క నుంచి సున్నం మొదలుపెట్టు… ఆ, కొత్త రంగు మీదే. నేను చెప్తున్నానుగా, ఆయన బస్సు దిగేలోపు కానివ్వు.

ఉంటానండి మణిదీప్ గారూ… తర్వాత, అవన్నీ తర్వాత మాట్లాడుకుందాం. వీరవేణి అగ్గిపుల్ల గీస్తోంది, ఈ సముద్రం గాలికి ఆరిపోతోంది. నేను వెళ్ళి అడ్డం నిలబడాలి.